లూసీ పెట్టె: ఏ డిస్కు కొనాలి, దేని జోలికి పోకూడదు

అమెరికన్ హాస్యనటి లూసీల్ బాల్ పేరుతో డిస్కులు వెతికితే మూడు రకాల సరుకు ఎదురవుతుంది. ఒకటి ఆమె 1950ల నాటి టీవీ హాస్య సీరియల్ ‘ఐ లవ్ లూసీ’ మొత్తం సీజన్లున్న పెద్ద పెట్టె. రెండోది ఆమె సినిమాల సంపుటాలు. మూడోది ఎవరు వేశారో అంతుపట్టని చవక డిస్కులు, వీటి అట్ట మీద మాత్రం ఆమె మొహం అన్నిటికంటే పెద్దగా ఉంటుంది. మొదటిది కొనాలి, రెండోదాన్ని చూసి కొనాలి, మూడోదాని జోలికి పోకూడదు. తొందరలో ఉన్నవాళ్లకి సమీక్ష ఇంతే.

తీరిక ఉన్నవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకుని పెట్టె విప్పాలి. 1951 అక్టోబర్ 15న సీబీఎస్‌లో తొలి ఎపిసోడ్ వచ్చేనాటికి ఈమెకు నలభై ఏళ్లు. సినిమాల్లోకి వచ్చి అప్పటికే 18 ఏళ్లు. 1933లో గోల్డ్‌విన్ వారి గుంపు నర్తకుల్లో ఒకతెగా మొదలై, కొన్నాళ్లు కొలంబియాలో, తర్వాత 1942 దాకా ఆర్‌కేఓలో, ఆపైన ఎంజీఎంలో, ఇలా స్టూడియోల దగ్గర జీతానికి పనిచేసింది. పెద్ద తార కాలేదు. చిన్న బడ్జెట్ సినిమాల రాణి అని పేరొచ్చింది, అందులో మెచ్చుకోలు ఎంతో ఎత్తిపొడుపూ అంతే. కానీ ఆ 18 ఏళ్లలో వెలుతురు ఎక్కడ పడుతుందో, లెన్సు ఎంత పట్టుకుంటుందో, చేతిలో వస్తువుని కెమెరాకి ఎలా చూపించాలో ఒంటబట్టాయి. ఎంజీఎంలో పని లేక ఖాళీగా కూర్చున్న రోజుల్లో దర్శకుడు ఎడ్వర్డ్ సెడ్జ్‌విక్, మూకీల నాటి హాస్యనటుడు బస్టర్ కీటన్ ఆమెకు వస్తువులతో హాస్యం చేయడం నేర్పారు. టీవీలో మనం నవ్వేది ఆ చదువుకే. కాబట్టి ఆ పనితనం ఏ డిస్కులో స్పష్టంగా కనిపిస్తే అదే మంచి డిస్కు. ఈ సమీక్షకి కొలబద్ద అదొక్కటే.

పెద్ద పెట్టె డీవీడీల్లో 2007లో వచ్చింది. ఆరు సీజన్లలో అరగంట ఎపిసోడ్లు 180, వాటి తర్వాత 1957 నుంచి 1960 దాకా అప్పుడప్పుడూ వచ్చిన గంట నిడివివి 13. ఈ పదమూడింటినీ విడిగా అమ్మేటప్పుడు అట్ట మీద 7, 8, 9 సీజన్లు అని వేశారు. అది అమ్మకం కోసం పెట్టిన పేరు. అసలు సీరియల్ 1957 మే 6న ఆరో సీజన్‌తో ముగిసింది. గంట ఎపిసోడ్లలో అతిథి తారలు ఎక్కువ, బిగువు తక్కువ. సీజన్లు విడిగా కొంటే అవి లేవని బెంగపడక్కర్లేదు.

పెట్టె రాగానే ముందు చూడాల్సింది తొలి ఎపిసోడ్ కాదు, అదనపు అంశాల్లో ఉండే పైలట్. 1951 మార్చి 2న తీశారు. ప్రసారం కోసం కాదు, స్పాన్సర్‌కి చూపించడానికి. చాలా ఏళ్లు దొరకలేదు. అందులో నటించిన పెపీటో అనే సర్కస్ విదూషకుడి ఇంట్లో భద్రంగా ఉండిపోయి, 1990లో సీబీఎస్‌లో ప్రసారమైంది. దాన్ని చూసిన వెంటనే మొదటి సీజన్‌లోని ‘ది ఆడిషన్’ పెట్టండి. 1951 నవంబర్ 19న వచ్చిన ఎపిసోడ్ ఇది. రెండింట్లో ఉన్నది దాదాపు ఒకే ఐటం: వదులు కోటు, నలిగిన టోపీ వేసుకుని, సెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం మోసుకుంటూ లూసీ ప్రొఫెసర్ వేషంలో దిగుతుంది. సెల్లో లోంచి సామాన్లు బయటికి లాగుతుంది. తర్వాత వరసగా పెట్టిన హారన్లని సీల్ జంతువులా మొరుగుతూ, చేతులు తపతప కొడుతూ మోగిస్తుంది.

పైలట్ కైనెస్కోప్. అంటే టీవీ తెర మీద వచ్చే బొమ్మకి ఎదురుగా సినిమా కెమెరా పెట్టి తీసిన కాపీ. అందులో తెలుపు పొగమంచులా పాకుతుంది, నలుపు బూడిదలోకి జారుతుంది. సీల్ వేషం వేసినప్పుడు చేతులు కనిపిస్తాయి గానీ కళ్లు కనిపించవు. ‘ది ఆడిషన్’లో కోటు మడతలు లెక్కపెట్టొచ్చు. హారన్ మోగించే ముందు తల పక్కకి తిప్పి, మెచ్చుకున్నారా అన్నట్టు చూసే చూపు అందుతుంది. ఆ చూపులోనే ఉంది హాస్యమంతా. తొమ్మిది నెలల లోపు తేడాతో అదే మనిషి అదే పని చేసింది. మారింది బొమ్మ తీసిన పద్ధతి.

ఆ మార్పు వెనక బేరం ఉంది. స్పాన్సర్ ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ కార్యక్రమాన్ని న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా చేయమంది. హాలీవుడ్ నుంచి చేస్తే జనాభా ఎక్కువ ఉన్న తూర్పు రాష్ట్రాలకి ఆ మసక కైనెస్కోపులే వెళతాయి, అందుకు వాళ్లు ఒప్పుకోరు. లూసీ, సీరియల్‌లోనూ ఆమె భర్తగా నటించిన ఆమె భర్త డెజీ ఆర్నాజ్ హాలీవుడ్ వదిలేది లేదన్నారు. అయితే 35 ఎంఎం ఫిల్ము మీద తీస్తామన్నారు. ఖర్చు పెరుగుతుందని గొడవైతే వారానికి వెయ్యి డాలర్లు జీతం తగ్గించుకుని, బదులుగా నెగెటివ్‌ల హక్కు అడిగి పుచ్చుకున్నారు. ఒకసారి ప్రసారమయ్యాక ఆ ఫిల్ము ఎవరికి పనికొస్తుందిలే అనుకునే రోజులు కాబట్టి ఇచ్చేశారు. ఈ పెట్టె ఇవాళ మన చేతిలో ఉండటానికి కారణం ఆ వెయ్యి డాలర్లే.

కెమెరా పని కార్ల్ ఫ్రాయిండ్‌ది. జర్మనీలో ‘మెట్రోపాలిస్’ తీసినవాడు, హాలీవుడ్‌లో ‘ది గుడ్ ఎర్త్’కి ఆస్కార్ అందుకున్నవాడు. సుమారు మూడు వందల మంది ప్రేక్షకులు ఎదురుగా కూర్చుని ఉండగా, మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతూ ఉంటే లైట్లు ఎక్కడ పెట్టాలన్నది అతని ముందున్న చిక్కు. నేల మీద స్టాండ్లు పెడితే కెమెరాలు కదలవు, ప్రేక్షకులకి అడ్డం. అందుకని లైట్లన్నీ పైకి ఎక్కించి, మొహం మీద నీడ పోవడానికి ఒక్కో కెమెరాకి లెన్సు పైన చిన్న లైటు తగిలించాడు. మధ్య కెమెరా మొత్తం సెట్టుని పట్టుకుంటుంది, పక్క రెండూ పొడుగు లెన్సులతో దగ్గరి షాట్లు తీసుకుంటాయి. టీవీ ప్రసారంలో నలుపు తెలుపుల తేడా ఇంకా పెరుగుతుంది కాబట్టి సెట్టునీ సామాన్లనీ బూడిద రంగు ఛాయల్లోనే ఉంచారు. ఎడిటింగ్‌కి మూడు తలల మూవియోలా యంత్రం చేయించుకున్నారు, దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు రాక్షసి. ఈ ముచ్చట్లన్నీ తెరమీద పరీక్షించి చూసుకోవచ్చు. మంచి డిస్కులో రికార్డోల, అంటే సీరియల్‌లో లూసీ దంపతుల, ఇంటి గోడ మీద నాలుగైదు బూడిద ఛాయలు విడివిడిగా తెలుస్తాయి. చెడ్డ కాపీలో అదే గోడ ఒకే సున్నం ముద్ద.

ఇక డీవీడీనా, బ్లూ-రేనా. మొదటి రెండు సీజన్లకి బ్లూ-రే ఉంది. మొదటిది 2014లో, రెండోది 2015లో వచ్చాయి. ఆ రెండింటికీ డీవీడీ వద్దు, బ్లూ-రేనే కొనండి. సినిమా ఫిల్ము సెకనుకి 24 ఫ్రేములు. అమెరికా డీవీడీ అక్కడి టీవీ ప్రమాణమైన ఎన్‌టీఎస్‌సీలో ఉంటుంది కాబట్టి ఆ 24ని సాగదీసి సెకనుకి దాదాపు 60 అర-బొమ్మలుగా మార్చాలి. కెమెరా పక్కకి జరిగినప్పుడు చిన్న కుదుపు, అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు వచ్చేది దానివల్లే. బ్లూ-రేలో 24 ఫ్రేములు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి, ఫిల్ము గ్రెయిన్, అంటే ఫిల్ము మీది సన్నని నలకల అల్లిక, కూడా కనిపిస్తుంది. మొదటి సీజన్ బ్లూ-రేలో తొలి ప్రసారంలో ఉన్న తీరుగా చూసే వీలు కూడా ఉంది. పట్టుగుడ్డ మీద హృదయం బొమ్మతో వచ్చే టైటిల్ అందరికీ తెలిసిందే గానీ అది పునఃప్రసారాల కోసం తర్వాత అతికించినది. అసలు టైటిల్‌లో గీతలతో గీసిన బుల్లి లూసీ, బుల్లి డెజీ సిగరెట్ పెట్టె చుట్టూ గెంతులేస్తుంటారు. ఇప్పుడు చూస్తే కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అయినా ఆ కార్యక్రమానికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో దాపరికం లేకుండా చెప్పేది అదే.

మూడో సీజన్ నుంచి ఆరో సీజన్ దాకా బ్లూ-రే రాలేదు. ఈ సరుకు మీద పెద్ద ఫిర్యాదు ఇదే. నెగెటివ్‌లు 35 ఎంఎం, దారి చూపించిన రెండు సీజన్లు ఎదురుగా ఉన్నాయి, అయినా సగంలో ఆపేశారు. హాలీవుడ్ ప్రయాణం ఎపిసోడ్లు, ఇటలీ ద్రాక్షల తొట్టి ఎపిసోడ్ లాంటి పేరున్నవి ఎన్నో డీవీడీలోనే చూడాలి. తిట్టుకుంటూనే కొనాలి.

కొనే ముందు రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోండి. అమెరికా డీవీడీ రీజియన్ 1, భారతదేశం రీజియన్ 5. మామూలు ప్లేయర్ డిస్కుని లోపలికి తీసుకుని, ఒక్క సందేశం పెట్టి బయటికి తోసేస్తుంది. బ్లూ-రేలో అమెరికా ఎ, భారతదేశం సి. కొన్ని బ్లూ-రేలకి ఈ తాళం ఉండదు గనక అట్ట వెనక భూగోళం గుర్తు చూడండి. పాత పెట్టె, వాడినది కొంటుంటే ముప్పైకి పైగా ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటిగా వెలుతురుకి ఎదురుగా పట్టి చూడాల్సిందే. రెండు పొరల డిస్కులో మొదటి పొర లోపలి నుంచి వెలుపలికి, రెండోది వెలుపలి నుంచి లోపలికి చదవడం మామూలు. అందువల్ల బయటి అంచున వేలిముద్ర పడితే ఆగేది డిస్కు చివర కాదు, మధ్య ఎపిసోడ్ దగ్గర. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంట పడుతుంది, దాన్ని ప్లేయర్ దిద్దుకోలేదు.

టీవీలో మూడు సెట్టింగులు మార్చాలి. బొమ్మ 4:3లోనే ఉండాలి, పక్కన నల్ల పట్టీలు రావాలి. వాటిని నింపడానికి సాగదీస్తే బక్కపలచని డెజీ కూడా దుక్కలా కనిపిస్తాడు. కదలికలు నునుపు చేసే సదుపాయం ఆపేయండి, లేకపోతే ఫిల్ము కాస్తా పెళ్లి వీడియో అవుతుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. శబ్దం మోనో, రెండు స్పీకర్లు చాలు. హాలు ప్రభావం పెడితే ప్రేక్షకుల నవ్వు మాటల మీద పడి చివరి మాట మింగేస్తుంది. ఆ నవ్వు డబ్బాలోది కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లది. లూసీ ఏదైనా పిచ్చిపనికి దిగబోయే ముందు కొన్నిసార్లు “అయ్యయ్యో” లాంటి ఒక ఆడగొంతు వినిపిస్తుంది. చిత్రీకరణకి తప్పకుండా వచ్చే ఆమె తల్లిదని చెబుతారు.

రంగులద్దిన ఎపిసోడ్ల డిస్కు విడిగా అమ్ముతారు. ‘మాయాబజార్’కి 2010లో రంగులు వేసినప్పుడు మన ఇళ్లలో జరిగిన వాదనే ఇక్కడా చేసుకోవచ్చు. ఇక్కడ మాత్రం తీర్పు సులువు. ఫ్రాయిండ్ కొలిచి పెట్టిన బూడిద ఛాయల మీద రంగు పూస్తే ఆ కొలత పోతుంది. ఒకసారి సరదాగా చూడటానికి పర్వాలేదు, దాచుకోవడానికి కాదు.

ఏవి ముందు చూడాలంటే, 1952 మే 5న వచ్చిన టానిక్ ప్రకటన ఎపిసోడ్. విటమిన్లు, మాంసం, కూరగాయలు, ఖనిజాలు కలిపిన ఆ టానిక్‌లో 23 శాతం ఆల్కహాల్ ఉందని లూసీకి తెలియదు. రిహార్సల్ జరిగిన ప్రతిసారీ ఒక చెంచా మింగాలి. మొదటి చెంచాకి మొహం ముడుచుకుపోతుంది, దాన్ని బలవంతాన చిరునవ్వుగా తిప్పుతుంది. రెండు మూడు విడతలయ్యాక చిరునవ్వు దానంతటదే వస్తుంది. ఆ తర్వాత చెంచాకీ సీసాకీ మధ్య దూరం తెలియకుండా పోతుంది, చివరికి చెంచా పక్కన పెట్టి సీసానే ఎత్తుతుంది. మాటలు తారుమారవుతున్నా గొంతులో ప్రకటన చదివే మర్యాద మాత్రం వదలదు. ఎంత మత్తెక్కినా తాను సరిగ్గానే చెబుతున్నానన్న నమ్మకం చెదరదు. తాగుబోతు వేషాలు వేసే చాలామంది తప్పటడుగులతో మొదలుపెడతారు, ఈమె మర్యాదతో మొదలుపెట్టింది. ఈ సన్నివేశంలో కోతలు చాలా తక్కువ. అంతసేపు ఒకే మనిషిని చూపించే ధైర్యం చిత్రీకరణకీ ఉంది.

దాని తర్వాత 1952 సెప్టెంబర్ 15 నాటి చాక్లెట్ ఫ్యాక్టరీ. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ముక్కగా చూసే ఉంటారు, మొత్తం ఎపిసోడ్‌గా చూస్తే భర్తలు ఇంట్లో వంటకి దిగే సగం కూడా అంతే బాగుంటుందని తెలుస్తుంది. 1953 జనవరి 19 నాటి ప్రసవం ఎపిసోడ్ చరిత్ర కోసం చూడాలి. నిజంగా ఆమెకు కొడుకు పుట్టింది కూడా అదే రోజు, చూసినవాళ్లు 4 కోట్ల 40 లక్షలని లెక్క. గర్భిణి అనే మాట టీవీలో పలకకూడదన్న రోజులవి. అందుకే అంతకుముందు వచ్చిన ఎపిసోడ్‌కి ఆ ముక్కనే ఫ్రెంచిలో పేరుగా పెట్టి తప్పించుకున్నారు. ఇక 1955 మే 9 నాటి, మార్క్స్ సోదరులనే హాస్యబృందంలోని హార్పో మార్క్స్‌తో చేసిన అద్దం సన్నివేశం. అతనితో, అతని సోదరులతో కలిసి ఆమె 1938లోనే ఆర్‌కేఓలో ‘రూమ్ సర్వీస్’ చేసింది, అప్పుడు వాళ్ల పక్కన బొమ్మలా నిలబడే పని. పదిహేడేళ్ల తర్వాత అతని అడుగుకి అడుగు వేస్తుంది. ఆ రెండూ ఒకే రోజు చూస్తే కెరీర్ మొత్తం అర్థమవుతుంది.

సినిమాల సంపుటం 2007లో వచ్చినది ఐదు సినిమాలది. 1940 నాటి ‘డాన్స్, గర్ల్, డాన్స్’, 1942 నాటి ‘ది బిగ్ స్ట్రీట్’, 1943 నాటి ‘డు బారీ వాజ్ ఎ లేడీ’, ఆ తర్వాత ఒక్క గెంతులో 1963, 1974. మధ్యలో ఇరవై ఏళ్ల ఖాళీ. 1974 నాటి ‘మేమ్’ అభిమానులకి కూడా పరీక్షే. ‘ది బిగ్ స్ట్రీట్’ తప్పకుండా చూడాలి, అందులో ఆమె కఠినురాలైన గాయని. ప్రేక్షకుల జాలి కోసం ఒక్క క్షణం కూడా మెత్తబడదు, టీవీ ఆమెను ఇలాంటి పాత్రలకి ఎంత దూరం చేసిందో తెలుస్తుంది. ‘డు బారీ’ టెక్నికలర్. ఎంజీఎం వేయించిన ఆ ఎర్ర జుట్టు రంగుల్లో కనిపించేది ఇక్కడే, టీవీలో ఏళ్ల తరబడి మాటల్లో వినిపించిందే తప్ప కనిపించలేదు. ఇందులో ఆమె పాటలకి గొంతు వేరొకరిది. అదే లోటుని టీవీలో దాచకుండా, పాడటం రాని లూసీగా మార్చి నవ్వించింది. ‘డాన్స్, గర్ల్, డాన్స్’కి మాత్రం 2020లో క్రైటీరియన్ అనే కంపెనీ బ్లూ-రే వచ్చింది, దొరికితే అదే మేలు.

టీవీ రెండో సగానికి వస్తే జాగ్రత్తగా ఉండాలి. సొంత కంపెనీ డెసిలూ 1957లో ఆర్‌కేఓ స్టూడియోని కొనేసింది, బేరం దాదాపు 60 లక్షల డాలర్లు. జీతానికి పనిచేసిన చోటికి యజమానురాలైంది. 1960లో విడాకులు, 1962లో భర్త వాటా కొని తానే అధ్యక్షురాలు, 1967లో కోటీ 70 లక్షల డాలర్లకి అమ్మకం. ఈ కాలంలో వచ్చిన ‘ది లూసీ షో’ 156 ఎపిసోడ్లు. వీటిలో సుమారు ముప్పై ఎపిసోడ్ల కాపీరైట్ పోయింది. చవక డిస్కుల పుట్ట పుట్టింది అక్కడినుంచే. పాత 16 ఎంఎం ప్రింట్ల నుంచి తీసిన కాపీలవి. రంగు గులాబీలోకి తిరిగి, తల పైభాగం తెగి, నిడివి కుదించి ఉంటాయి. పేరు గొప్ప ఊరు దిబ్బ. అధికారిక సీజన్ డిస్కుల్లో ఇంకో విశేషం ఉంది. రెండో సీజన్ నుంచే రంగుల్లో తీశారు, కానీ సీబీఎస్ 1965 దాకా నలుపు తెలుపులోనే ప్రసారం చేసింది. అప్పటి ప్రేక్షకులకి దక్కని రంగు ఇప్పుడు డిస్కులో దక్కుతుంది. హాస్యం మాత్రం మొదటి మూడు సీజన్ల తర్వాత పలచబడుతుంది, ‘ఐ లవ్ లూసీ’ నాటి నుంచి ఆమె పక్కన నటించిన వివియన్ వాన్స్ తప్పుకోవడం ముఖ్య కారణం. సొంత పిల్లలతో చేసిన ‘హియర్స్ లూసీ’ 144 ఎపిసోడ్లు పెట్టె మొత్తంగా అక్కర్లేదు, ఒక సీజన్ చాలు.

చివరిది 1986 నాటి ‘లైఫ్ విత్ లూసీ’. 13 ఎపిసోడ్లు తీస్తే ఏబీసీ చానల్ ఎనిమిది వేసి ఆపేసింది. మిగతావి 2019 డీవీడీలో ఉన్నాయి. డెబ్బై అయిదేళ్ల మనిషి చేత అవే పాత గెంతులు వేయిస్తుంటే ప్రేక్షకులు నవ్వడం మాని, పడిపోతుందేమోనని చూస్తారు. చేతిలోని వస్తువుతో టైమింగ్ మాత్రం ఇంకా తప్పలేదు. మిగతావన్నీ చూశాకే ఇది కొనండి, అదీ ఒక్కసారి చూడటానికే.